కాగితం మీద 37, కారులో 24

రెండేళ్ల కిందట నా కారు డైనో (చక్రాలను రోలర్ల మీద తిప్పించి పవర్ కొలిచే మెషిన్) మీద నుంచి దిగిన సాయంత్రం, వాళ్లిచ్చిన గ్రాఫు కాగితాన్ని ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో లెక్కలేదు. 249 వీల్ హార్స్‌పవర్, అంటే చక్రాల దగ్గర కొలిచిన పవర్. మార్పులు చేయించకముందు అదే డైనో మీద వచ్చింది 212. అంటే 37 పెరిగింది. నేను చేయించినవి మూడే పనులు: ఇన్‌టేక్ (ఇంజిన్ గాలి పీల్చే గొట్టం, ఫిల్టర్), డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి వెళ్లే గొట్టం), ఆ రెండింటికీ సరిపోయేలా ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్లో, కొత్త మ్యాప్ (సెట్టింగుల పట్టిక). కారు రెండు లీటర్ల టర్బో పెట్రోల్, ముందు చక్రాల డ్రైవ్, మాన్యువల్ గేర్లు. ఆ రాత్రే, చక్రాలకు చేరేలోపు 15 శాతం పవర్ పోతుందన్న లెక్కన, 249ని 0.85తో భాగించి ఇంజిన్ దగ్గర 293 అని తేల్చేసి, కంపెనీ చెప్పే 245తో పోల్చి, 48 పెరిగిందని తెలిసినవాళ్లందరికీ మెసేజ్ పెట్టాను.

ఆ 48 తప్పు. 37 కూడా తప్పే. నిజంగా పెరిగింది 24, ఒకటి రెండు అటూ ఇటూ. ఇందులో నన్ను ఎవరూ మోసం చేయలేదు, మెషిన్ చెడిపోలేదు, కాగితం మీద అచ్చయిన ప్రతి అంకె దాని లెక్క ప్రకారం సరైనదే. అయినా తప్పు జరిగింది, ఎందుకంటే రెండు వేర్వేరు లెక్కల్లో వచ్చిన అంకెల్ని పక్కపక్కన పెట్టి ఒకదాన్నుంచి ఒకటి తీసేశాను. ఇది నా ఒక్కడికే జరిగిన సంగతైతే రాసేవాణ్ణి కాదు. కారు మార్పుల గురించి ఎక్కడ మాట వచ్చినా ఇదే తప్పు కనిపిస్తోంది. మంచి డబ్బు, మంచి శ్రమ పెట్టినవాళ్లు చివరికి ఒక్క అంకె పట్టుకుని ఇంటికెళ్తున్నారు. డైనో గంటకు మీరు కట్టిన డబ్బు ఆ అంకెకు కాదని, రెండు గీతల మధ్య ఉన్న ఖాళీకని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఆ రెండు గీతల్నీ ఒకే పరిస్థితుల్లో గీయకపోతే ఖాళీకీ అర్థం ఉండదు.

"అదే డైనో కదా, ఇంకేం కావాలి" అని చాలామంది అక్కడితో ఆగిపోతారు. నేనూ అక్కడే ఆగాను.

అనుమానం మొదలైంది డైనో దగ్గర కాదు. కొన్ని నెలల తర్వాత వేరే పని మీద ఈసీయూ లాగ్‌లు తిరగేస్తుంటే ఎయిర్‌ఫ్లో సెన్సార్ అంకెలు కంటపడ్డాయి. మార్పులకు ముందు, పీక్ దగ్గర, అంటే పవర్ అన్నిటికన్నా ఎక్కువ ఉండే చోట, సెకనుకు 190 గ్రాముల గాలి. తర్వాత 210. అంటే గాలి పెరిగింది 11 శాతానికి కాస్త తక్కువ. కానీ 212 నుంచి 249 అంటే పదిహేడున్నర శాతం. పెట్రోల్ ఇంజిన్‌కు గాలి ఎంత అందితే అంత పెట్రోల్ కాలుతుంది, అంత పవర్ వస్తుంది. ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ ఇచ్చే క్షణం) మెరుగుపడితే, మిశ్రమం సరిగ్గా కుదిరితే అదే గాలితో ఇంకాస్త రాబట్టొచ్చు, కాదనను. కానీ పదకొండుకీ పదిహేడున్నరకీ మధ్య ఉన్నంత తేడా వాటితో వచ్చేది కాదు. (ఇన్‌టేక్ మార్చినప్పుడు సెన్సార్ ఉండే గొట్టం వ్యాసం మారితే ఈ పోలిక పనికిరాదు. నాది పాత గొట్టమే, అందుకే నమ్మాను.)

డైనో వాళ్లను అడిగితే రెండు రోజుల రన్ ఫైళ్లూ ఇచ్చారు (రన్ అంటే డైనో మీద ఒకసారి పూర్తి యాక్సిలరేటర్‌తో కొలవడం). అడిగితే ఇస్తారు, మనమే అడగం. కంప్యూటర్లో తెరిచి చూస్తే మూలన చిన్న అక్షరాల్లో అంతా ఉంది. మొదటి రోజు రన్: ఎస్‌ఏఈ కరెక్షన్, 1.00, గాలి 24 డిగ్రీలు. రెండో రోజు రన్: ఎస్‌టీడీ కరెక్షన్, 1.08, గాలి 38 డిగ్రీలు. మధ్యలో ఎవరి కారుకో సెట్టింగ్ మార్చి ఉంటారు, అది అలాగే ఉండిపోయింది.

కరెక్షన్ అంటే ఏమిటో ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, నా 37లో మూడో వంతు అక్కడే పోయింది కాబట్టి.

వేడిగా ఉన్న రోజు గాలి పల్చగా ఉంటుంది. ఎత్తయిన చోటా అంతే. అదే ఇంజిన్ అలాంటి గాలిలో తక్కువ పవర్ ఇస్తుంది. కాబట్టి ఏ రోజు కొలిచినా పోల్చుకోవడానికి వీలుగా, కొలిచిన అంకెను ఒక ఊహా వాతావరణంలోకి మార్చి చూపిస్తారు. ఆ ఊహా వాతావరణం ఏదన్న దగ్గరే తేడా. ఎస్‌ఏఈ జె1349 ప్రమాణంలో అది 25 డిగ్రీలు, 99 కిలోపాస్కల్ పొడి గాలి. పాత ఎస్‌టీడీ లెక్కలో, అంటే జె607లో, పదిహేనున్నర డిగ్రీలు, సముద్రమట్టపు పూర్తి పీడనం. చల్లని, దట్టమైన గాలి అన్నమాట. అందుకే ఒకే రన్‌ను ఎస్‌టీడీలో చూపిస్తే ఎస్‌ఏఈ కన్నా మూడు నాలుగు శాతం ఎక్కువ కనిపిస్తుంది. కారుకు ఏమీ చేయనక్కర్లేదు, మెనూలో ఒక్క క్లిక్ చాలు.

నా రెండో రోజు రన్‌ను ఎస్‌ఏఈలోకి మార్చి చూశాను. కరెక్షన్ 1.04కి తగ్గింది, 249 కాస్తా 240 అయింది. 37 అనుకున్నది 28కి వచ్చింది. తర్వాత కరెక్షన్ పూర్తిగా తీసేసి, రోలర్ కొలిచిన అంకె మాత్రమే చూశాను. 231. మొదటి రోజు కరెక్షన్ 1.00 కాబట్టి ఆ 212 అలాగే ఉంది. తేడా 19.

ఒకే కారు, అవే రెండు రన్‌లు. 37, 28, 19. ఆ రోజు స్క్రీన్ ముందు కూర్చుని నాకు నిజంగా బాధేసింది, దాచుకోను. మూడింట్లో ఏది నమ్మాలి?

28 నమ్మాలని మొదట అనిపిస్తుంది, రెండూ ఒకే ప్రమాణంలో ఉన్నాయి కదా. కానీ ఆ కరెక్షన్ సూత్రం గాలిని తనంతట తాను పీల్చుకునే ఇంజిన్‌ను దృష్టిలో పెట్టుకుని చేసింది. బయట గాలి ఎంత శాతం పల్చబడితే పవర్ దాదాపు అంత పడుతుందన్న లెక్క. టర్బో, అంటే ఇంజిన్‌లోకి గాలిని నొక్కి తోసే పంపు, ఉన్న ఇంజిన్ అలా ప్రవర్తించదు. ఇప్పటి ఈసీయూలు చాలావరకు మానిఫోల్డ్‌లో (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో) ఇంత పీడనం కావాలని లక్ష్యం పెట్టుకుంటాయి. బయట పీడనం తగ్గితే వేస్ట్‌గేట్‌ను (పొగను టర్బో పక్కనుంచి వదిలేసే తలుపును) ఇంకాస్త మూసి, టర్బోను ఇంకాస్త తిప్పి, ఆ లోటు పూడ్చుకుంటాయి. వేడిలో కొంత భాగాన్ని ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన గాలిని చల్లార్చే రేడియేటర్) తీసేస్తుంది. అంటే ఇంజిన్ నిజంగా పోగొట్టుకున్నది రెండు శాతమైతే, సూత్రం నాలుగు శాతం తిరిగి ఇచ్చేస్తోంది. మిగిలిన రెండు శాతం ఇంజిన్ చేయనిది, కాగితం చేసినది. ఎత్తయిన చోట ఇది ఇంకా ఘోరంగా ఉంటుంది. సముద్రమట్టానికి 1500 మీటర్ల ఎత్తున ఆ ఎస్‌ఏఈ సూత్రం సుమారు 20 శాతం కలిపేస్తుంది. టర్బోకు తిరగడానికి ఇంకా సత్తువ మిగిలుంటే అందులో ఎక్కువ భాగం ఉచితంగా వచ్చిన అంకే.

అలాగని 19 నమ్మొచ్చా అంటే అదీ కాదు. రెండో రోజు 38 డిగ్రీల వేడిలో ఇంజిన్ ఎంతో కొంత నిజంగానే నష్టపోయింది. కాబట్టి జవాబు 19కీ 28కీ మధ్య ఎక్కడో ఉంది. అంతకన్నా కచ్చితంగా ఆ రెండు ఫైళ్ల నుంచి ఎవరూ చెప్పలేరు, ఎంత అనుభవమున్న ట్యూనర్ అయినా సరే.

అందుకే మళ్లీ వెళ్లాను. తెల్లవారి చల్లగా ఉన్నప్పుడు, మొదటి రోజులాగే 24 డిగ్రీలు, అదే డైనో, అదే నాలుగో గేరు, అదే ఎస్‌ఏఈ, టైర్లలో అంతే గాలి, అదే పెట్రోల్. మధ్యలో చల్లారనిచ్చి మూడు రన్‌లు. 237, 235, 236. మధ్యది తీసుకుంటే 236, అంటే 24 పెరిగింది. పదకొండు శాతం పైచిలుకు. ఎయిర్‌ఫ్లో లాగ్ చెప్పిందీ దాదాపు అదే. రెండు వేర్వేరు దారుల్లో వెళ్లి ఒకే చోటికి చేరినప్పుడు కలిగే నమ్మకం వేరు. 249 కాగితం నాకు ఎప్పుడూ అంత నమ్మకం ఇవ్వలేదు, ఎంత ముచ్చటగా ఉన్నా.

గేరు సంగతి అన్నాను కాబట్టి అదీ చెప్పుకోవాలి. చాలా రోలర్ డైనోలు ఒక బరువైన డ్రమ్మును కారు చక్రాలతో తిప్పించి, దాని వేగం ఎంత త్వరగా పెరిగిందో చూసి పవర్ లెక్కగడతాయి. డ్రమ్ము ఒక్కటే తిరిగితే గొడవ లేదు. ఫ్లైవీల్, గేర్లు, షాఫ్టులు, చక్రాలు, టైర్లు అన్నీ కూడా వేగం అందుకోవాలి, దానికీ పవర్ ఖర్చవుతుంది. కింది గేరులో ఇంజిన్ త్వరగా పరుగెత్తుతుంది కాబట్టి ఆ ఖర్చు పెరుగుతుంది, రోలర్‌కు అందేది తగ్గుతుంది. టర్బో కార్లలో ఇంకో ముడి కూడా ఉంది. రన్ త్వరగా అయిపోతే టర్బోకు బూస్ట్ (తోసే గాలి పీడనం) కట్టుకోవడానికి టైమ్ చాలదు, గ్రాఫులో టార్క్ ఆలస్యంగా లేస్తుంది. అదే రన్ నిదానంగా సాగితే టార్క్ ముందే లేచినట్టు కనిపిస్తుంది. మార్పులకు ముందు మూడో గేరులో, తర్వాత నాలుగో గేరులో రన్ తీసి, "టర్బో ల్యాగ్ తగ్గిపోయింది చూడండి" అని చూపించే గ్రాఫులు నేను చూశాను. తగ్గింది ల్యాగ్ కాదు, రన్‌లో ఇంజిన్ వేగం పెరిగే జోరు. బ్రేకుతో లోడ్ పెట్టే డైనోల్లోనూ సంగతి ఇంతే, అక్కడ గేరుతో పాటు రన్ ఎంతసేపు సాగాలో ఆపరేటర్ పెట్టిన సెట్టింగ్ కూడా చూడాలి. చక్రాలు విప్పి హబ్‌లకే (చక్రం బిగించే భాగాలకే) బిగించే డైనోల్లో టైరు జారడం, టైరు ఒత్తిడి లాంటి గొడవలు ఉండవు, కానీ అవి చూపించే అంకెను రోలర్ అంకెతో పోల్చడం మళ్లీ అదే తప్పు. వేరే డైనో అంటే వేరే తూకం. ఒక తూకంలో ముందు, ఇంకో తూకంలో తర్వాత చూసుకుని బరువు పెరిగామో తగ్గామో తేల్చుకోలేం.

తేలిక చక్రాలు వేసుకున్నవాళ్లు ఒకటి గమనించాలి. డ్రమ్ము డైనో మీద అవి పవర్ పెంచినట్టే కనిపిస్తాయి. ఇంజిన్ ఏమీ ఎక్కువ ఇవ్వలేదు, తిప్పాల్సిన బరువు తగ్గిందంతే. రోడ్డు మీద వేగం అందుకునేటప్పుడు ఆ లాభం నిజమే కాబట్టి అబద్ధమనలేను. కానీ దాన్ని కొత్త మ్యాప్ ఖాతాలో వేయకూడదు.

ఇప్పుడు ఆ 0.85 గురించి. వీల్ హార్స్‌పవర్‌ను ఇంజిన్ పవర్‌గా మార్చడానికి 15 శాతం నష్టం అని అందరూ వాడతారు, పాఠం అప్పజెప్పినట్టు. గేర్‌బాక్స్‌లో జరిగే నష్టంలో ఒక భాగం ఆయిల్‌ను చిలకడానికి, బేరింగ్‌లు, సీల్స్ రాపిడికి పోతుంది. అది ముఖ్యంగా వేగాన్ని బట్టి ఉంటుంది, ఇంజిన్ ఎంత పవర్ ఇస్తోందన్నదాన్ని బట్టి పెద్దగా మారదు. ఇంకో భాగం గేరు పళ్ల మీద పడే లోడ్‌తో పెరుగుతుంది. కాబట్టి ఇంజిన్ పవర్ పెరిగినకొద్దీ నష్టం కూడా సరిగ్గా అదే నిష్పత్తిలో పెరగాలని రూలేం లేదు. నా లెక్కే చూడండి. 212ని 0.85తో భాగిస్తే 249.4, 236ని భాగిస్తే 277.6. తేడా 28 అంటుంది. రోలర్ మీద పెరిగింది 24. ఆ మిగతా 4 భాగహారంలో పుట్టినవి, ఏ ఇంజిన్‌లోనూ పుట్టినవి కావు. పెరుగుదల ఎక్కువైనకొద్దీ ఈ ఉత్తుత్తి అంకె కూడా పెరుగుతుంది. రోలర్ మీద వంద పెరిగిన కారుకు ఈ భాగహారం ఉత్త పుణ్యానికి ఇంకో పదిహేడు పద్దెనిమిది కలుపుతుంది. వీల్ అంకెను వీల్ అంకెగానే ఉంచండి. కంపెనీ చెప్పే అంకెతో పోల్చాలన్న ఆశ ఉంటుంది, అర్థం చేసుకోగలను, కానీ ఆ పోలికకు సరైన తూకం ఇంజిన్‌ను బయటికి తీసి బిగించే ఇంజిన్ డైనో. పైగా కంపెనీల అంకెలు చాలాచోట్ల మెట్రిక్ హార్స్‌పవర్‌లో ఉంటాయి, అది 735.5 వాట్లు. డైనో సాఫ్ట్‌వేర్ 745.7 వాట్ల హార్స్‌పవర్‌లో చూపించొచ్చు. అక్కడ ఇంకో ఒకటిన్నర శాతం దాకా తేడా.

కొందరు ఇదంతా విని, అయితే డైనో అంతా బోగస్ అంటారు. ఆ మాట నాకు నచ్చదు. 1999లో ఫోర్డ్ మస్టాంగ్ కోబ్రాను 320 హార్స్‌పవర్ అని ప్రకటించి అమ్మింది. కొన్నవాళ్లు డైనోల మీద పెట్టి చూస్తే అంత పవర్ ఉన్న కారు చూపించాల్సినంత రావట్లేదు. ఒకరిద్దరికి అలా వస్తే టైరనో, వాతావరణమనో అనుకోవచ్చు. చాలామందికి, వేర్వేరు మెషిన్ల మీద, ఒకే వైపు తక్కువ వచ్చింది. చివరికి ఫోర్డ్ అమ్మకాలు ఆపి, అప్పటికే అమ్మిన కార్లను వెనక్కి పిలిచి ఇన్‌టేక్ మానిఫోల్డ్, ఎగ్జాస్ట్ భాగాలు, కంప్యూటర్ మార్చి ఇచ్చింది. డైనో అబద్ధాల పుట్ట అయితే ఆ యజమానుల మాట నిలిచేది కాదు. డైనో మంచి పనిముట్టే. కొలిచినదాన్ని కొలిచినట్టు చదివినంతవరకు.

ఇక చదవడం అంటే పీక్ అంకె చదవడం కాదు, గీత మొత్తం చదవడం. నా గ్రాఫులో 5800 ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర పీక్ 24 పెరిగింది. కానీ 3000 ఆర్‌పీఎమ్ దగ్గర చూడండి. అక్కడ ముందు 120 ఉండేది, తర్వాత 145. అంకెగా చూస్తే 25, పీక్‌లో వచ్చినంతే. శాతంగా చూస్తే ఇరవై దాటింది. రోజూ నడిపేటప్పుడు నేను ఎక్కువసేపు ఉండేది 2500 నుంచి 4500 మధ్యలోనే, కాబట్టి కారు మారిపోయిందని నాకు అనిపించిన అనుభూతి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ఒక్క చోట తెలుస్తుంది. అదే గ్రాఫులో ఇంకోటి కూడా ఉంది. 6200 దాటాక కొత్త గీత వంగి వచ్చి పాత గీతను దాదాపు తాకుతుంది. చిన్న టర్బో, ఆ పైన అది ఊదలేదు. ఆ సంగతి తెలిశాక నేను గేరు మార్చే చోటు 300 ఆర్‌పీఎమ్ కిందికి దించాను. దానికి పైసా ఖర్చు కాలేదు. పీక్ అంకె ఒక్కటే చూసినవాడికి ఈ రెండూ కనిపించవు. పీక్‌లో పది ఎక్కువ వచ్చి మధ్యలో ఇరవై పోగొట్టుకున్న కారు, గేరు మార్చాక ఇంజిన్ దిగే ఆర్‌పీఎమ్ నుంచి మళ్లీ పైదాకా వెళ్లే దారిలో వెనకబడుతుంది. పరుగు పందెంలో పీక్ దగ్గర ఇంజిన్ ఉండేది క్షణం సేపే.

టార్క్ గీత చదివేటప్పుడు ఒక జాగ్రత్త. రోలర్ డైనోకు పవర్ లెక్కగట్టడానికి ఇంజిన్ ఆర్‌పీఎమ్ తెలియాల్సిన పని లేదు, రోలర్ మీద పడిన బలం, రోలర్ వేగం చాలు. టార్క్‌కు మాత్రం ఆర్‌పీఎమ్ కావాలి. దాన్ని సరిగ్గా కుదర్చకపోతే పవర్ పీక్ ఎత్తు సరిగ్గానే ఉండి టార్క్ మొత్తం తప్పుతుంది. సరిచూసుకోవడం తేలికే. ఏదైనా ఒక చోట టార్క్‌ను న్యూటన్ మీటర్లలో తీసుకుని, ఆర్‌పీఎమ్‌తో గుణించి, 9549తో భాగిస్తే కిలోవాట్లు రావాలి. హార్స్‌పవర్, పౌండ్ ఫీట్‌లలో ఒకే స్కేలు మీద గీసిన గ్రాఫయితే రెండు గీతలూ 5252 ఆర్‌పీఎమ్ దగ్గర ఒకదాన్నొకటి దాటాలి. దాటకపోతే స్కేలన్నా వేరుగా ఉంది, లేదా లెక్కలో తేడా ఉంది. గ్రాఫులో చూపించే ఆర్‌పీఎమ్ నిజమేనా అన్నది మాత్రం ఈసీయూ లాగ్‌తో పోల్చుకుంటేనే తేలుతుంది.

వేడి గురించి నేను ఎక్కువ చెప్తున్నానని కొందరికి అనిపించొచ్చు. కానీ ఎక్కువమంది పట్టించుకోనిది ఇదే. ఆ చల్లని తెల్లవారి మూడు రన్‌లు అయ్యాక, ఇప్పుడు ఆపకుండా వరసగా నాలుగు తీయండి అని అడిగాను. 235, 231, 228, 226. టర్బో తర్వాత ఇంజిన్‌లోకి వెళ్లే గాలి 38 డిగ్రీల దగ్గర మొదలై నాలుగో రన్ చివరికి 61కి చేరింది, ఈసీయూ ఇంజిన్‌ను కాపాడుకోవడానికి టైమింగ్ వెనక్కి లాగడం లాగ్‌లో స్పష్టంగా కనిపించింది. అంటే నా 24లో తొమ్మిది, నాలుగు రన్‌లలో ఆవిరైపోయాయి. మామూలుగా ఏం చేస్తారు? అన్నింట్లోకి మంచి రన్ ఒకటి ఏరి అచ్చు వేసిస్తారు. అలా ఏరిన కాగితం మీద పెద్ద ఇంటర్‌కూలర్ ఎప్పుడూ దండగగానే కనిపిస్తుంది, ఎందుకంటే మొదటి రన్‌లో కంపెనీ ఇంటర్‌కూలర్ కూడా చల్లగానే ఉంటుంది. దాని విలువ తెలిసేది నాలుగో రన్‌లో. ఇంటర్‌కూలర్ వేయించి "మూడే పెరిగింది" అని బాధపడేవాళ్లు వరస రన్‌లు తీయించుకుని చూడండి, మీరు కొన్నది పెరగడం కాదు, తగ్గకపోవడం.

దీనికి తోడు డైనో గదిలో ఫ్యాన్ ఎంత పెద్దదైనా, వంద దాటిన వేగంలో రోడ్డు మీద ముందు నుంచి కొట్టే గాలికి సాటి రాదు. బానెట్ ఎత్తి రన్ తీస్తే, ఇంజిన్ బేలో వేడి గాలి పీల్చే ఇన్‌టేక్ కూడా చల్ల గాలి పీల్చి గొప్పగా కనిపిస్తుంది. బానెట్ మూసి తీయమని అడగండి. ఇంకో చిన్న విషయం, వాతావరణం కొలిచే సెన్సార్ ఎక్కడ పెట్టారో చూడండి. అది ఎగ్జాస్ట్ వేడి తగిలే చోట ఉండి పది డిగ్రీలు ఎక్కువ చూపిస్తే, కరెక్షన్ మీ అంకెకు సుమారు రెండు శాతం ఊరికే కలిపేస్తుంది. నా కారుకైతే అది నాలుగైదు హార్స్‌పవర్.

లాగ్‌లు లేకుండా గ్రాఫు సగం మాటే చెబుతుంది. నా కొత్త గీతలో 4100 దగ్గర చిన్న సొట్ట ఉండేది. స్మూతింగ్ (గీతలోని ఎగుడుదిగుళ్లను నునుపు చేసే సెట్టింగ్) ఎక్కువ పెట్టి అచ్చు వేసిన కాగితంలో అది కనిపించలేదు, ఫైల్‌లో స్మూతింగ్ తగ్గిస్తే బయటపడింది. అదే చోట లాగ్‌లో చూస్తే రెండు సిలిండర్లలో నాక్ (పెట్రోల్ తనంతట తాను అదుపు తప్పి పేలడం) వచ్చి ఈసీయూ టైమింగ్ తగ్గిస్తోంది. పవర్ పరంగా అది రెండు మూడు హార్స్‌పవర్ సంగతి. ఇంజిన్ ఆయుష్షు పరంగా అది చిన్న సంగతి కాదు. మ్యాప్ రాసినాయనకు చూపిస్తే ఆ భాగంలో టైమింగ్ ఒక డిగ్రీ, బూస్ట్ కొంచెం తగ్గించారు. సొట్ట పోయింది, చిత్రంగా ఆ చోట పవర్ కూడా ఒకటి రెండు పెరిగింది. ట్యూన్ అయ్యాక పీక్ అంకె చూసి చెయ్యి కలిపి వచ్చేసే ముందు, నాక్, గాలి-పెట్రోల్ నిష్పత్తి, బూస్ట్, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఉష్ణోగ్రత, ఈ నాలుగింటి లాగ్ అదే రన్‌ది అడిగి తీసుకోండి. ఎక్కువ అంకె కోసం ఇంజిన్‌ను అంచు మీద నిలబెట్టిన మ్యాప్‌కీ, నాలుగు తక్కువ ఇచ్చినా వేసవిలో కూడా నిబ్బరంగా నడిచే మ్యాప్‌కీ తేడా ఆ లాగ్‌లో ఉంటుంది, పీక్ అంకెలో ఉండదు. నన్నడిగితే రెండోదే కావాలంటాను.

డైనోను నమ్మినా రోడ్డుతో ఒకసారి సరిచూసుకోవడం మంచిది, మూసిన ట్రాక్ దొరికితే. మార్పులకు ముందు నాలుగో గేరులో గంటకు 80 నుంచి 140 కిలోమీటర్ల దాకా ఎంతసేపు పట్టిందో జీపీఎస్ లాగర్‌తో కొలిచి పెట్టుకున్నాను, రెండు దిక్కుల్లోనూ, గాలి వాలు, నేల వాలు కొట్టుకుపోయేలా. సగటు 8.1 సెకన్లు. తర్వాత 7.2. తొమ్మిదో వంతు తగ్గింది. పవర్ నిజంగా పదిహేడున్నర శాతం పెరిగి ఉంటే ఏడు సెకన్ల లోపలికి రావాలి. గాలి నిరోధం ఉంటుంది, గేరు ఒకటే ఉంటుంది, కాబట్టి దీన్నుంచి హార్స్‌పవర్ తీయాలని చూడను. కానీ గాలి లాగ్, చల్లని తెల్లవారి డైనో, ట్రాక్ మీద గడియారం, మూడూ ఒకే మాట చెప్పాక ఇంకేం అనుమానం ఉంటుంది.

పోయిన వారం ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. అతనికీ దాదాపు నాలాంటి కారే, మార్పులు కూడా ఇంచుమించు అవే. "అన్నా, 261 వచ్చింది, నీకన్నా పాతిక ఎక్కువ" అన్నాడు. గొంతులో ఆనందం వినిపిస్తోంది, నాకు ఆ 249 సాయంత్రం గుర్తొచ్చింది. ముందు ఎంత ఉండేదని అడిగాను. ముందు తీయించలేదు, కంపెనీ అంకె ఉంది కదా అన్నాడు. ఏ కరెక్షన్, ఏ గేరు, ఎన్ని డిగ్రీలు అని అడిగితే కాగితం ఫొటో పంపాడు. ఎస్‌టీడీ, 1.07. అతని ఆనందం తీసేయాలని నాకు లేదు, ఆ కారు నిజంగానే బాగా వెళ్తోంది, నేను కూర్చుని చూశాను. కానీ ఎంత పెరిగిందో ఈ కాగితం చెప్పలేదని మాత్రం చెప్పాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాత మ్యాప్ నా దగ్గరే ఉందన్నా, అది తిరిగి ఎక్కించి ఒకేరోజు రెండూ తీయిస్తే?" అన్నాడు. అది నేను చెబుదామనుకున్న మాటే. డౌన్‌పైప్, ఇన్‌టేక్ అలాగే ఉంటాయి కాబట్టి తేలేది మ్యాప్ ఒక్కదాని లాభమే, అయినా అదే పెద్ద భాగం. శనివారం ఎండ ఎక్కకముందే వెళ్తున్నాం. పాత మ్యాప్‌తో మూడు, కొత్త మ్యాప్‌తో మూడు, ఆఖర్న ఆపకుండా నాలుగు, బానెట్ మూసి, నాలుగో గేరులో. కరెక్షన్ లేకుండా ఒక కాపీ, ఎస్‌ఏఈలో ఒక కాపీ కావాలని తమ్ముడు డైనో అతనికి ముందే చెప్పి ఉంచాడు.